ఒక్క ఊపిరికి ఎంత సముద్రం?

అందరికీ నమస్కారం. ముందు ఓ చిన్న పని. గాలి పీల్చి ఊపిరి బిగబట్టండి, ఆగలేకపోతే వదిలేయండి, పందెమేం కాదు.

అప్పుడే సగం మంది నవ్వేశారు! సరే, ఇలా ఊపిరి బిగబట్టి సముద్రంలో మునగడం గురించే ఇవాళ నా మాటలు. దక్షిణ కొరియాలో జెజు అనే దీవి ఉంది. అక్కడ డెబ్బై ఏళ్లు దాటిన అవ్వలు పది మీటర్ల లోతుకు దిగి, చల్లటి నీళ్లలో నత్తల కోసం రాళ్ల సందులు వెతుకుతూ, నిమిషం పాటు ఇదే పని చేస్తారు. రోజుకు ఏడు గంటల దాకా, ఏడాదికి 90 రోజులు. వాళ్లను హెన్యో అంటారు, అంటే సముద్రపు ఆడవాళ్లు. పైకి తేలగానే ఈల వేసినట్టు గాలి వదులుతారు. 2016లో యునెస్కో వాళ్ల విద్యను వారసత్వ జాబితాలో చేర్చింది.

నన్ను పట్టుకున్నది వేరే విషయం. 1970ల్లో రబ్బరు సూట్లు వస్తే, చలికి తట్టుకోవాలి కదా, వేసుకున్నారు. గాలి సిలిండర్ మాత్రం వాడరు. సిలిండర్ వీపున ఉంటే ఒక్క మనిషి రాయి మొత్తం ఊడ్చేయొచ్చు, అదే ఊపిరి మీద దిగితే ఎంత ఆశ ఉన్నా నిమిషానికి పైకి రావాల్సిందే. అది చాలదన్నట్టు చిన్న నత్తల్ని వదిలేస్తారు, గుడ్లు పెట్టే కాలంలో కొన్నిటి జోలికి పోరు. పైకి రావాల్సిన వేళకి ఇంకొక్కటి కనిపించి, చెయ్యి చాచి, నీళ్లలోనే ఊపిరి పీల్చేయడానికి వాళ్ల భాషలో ముల్సుమ్ అని పేరే ఉంది. గంపెడాశ అని మనం తేలిగ్గా అనేస్తాం, అక్కడ అది ప్రాణం తీస్తుంది.

రోజూ దిగేవాళ్లకి తేడా ముందే తెలుస్తుంది. నాచు పోయి రాళ్లు తెల్లబడిపోవడం వాళ్లు కళ్లారా చూశారు. కానీ చూసే కళ్లే తగ్గిపోతున్నాయి: 1960ల్లో 20,000కు పైగా ఉన్న హెన్యోలు ఇప్పుడు 3,000 లోపే.

సిలిండర్ లేకపోతే ఇంకో లాభం, బుడగలు రావు కాబట్టి చేపలు బెదరవు. బుడగలంటే దూరం జరిగే సుత్తితల సొరలకు జాడ తెలిపే ట్యాగులు వేయడానికి కొందరు పరిశోధకులు ఊపిరి పట్టే దిగుతారు.

పీడనం పెరిగితే గాలి కుంచించుకుంటుందని ఇంటర్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. 10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల్లో గాలి సగమవుతుందని ఛాతీకి తెలిసిన రోజున గానీ ఆ పాఠం బుర్రకెక్కలేదు. విశాఖలో మొదటిసారి మునిగినప్పుడు కనిపించింది చేప కాదు, రాయికి చుట్టుకున్న తెగిన వల. ఒడ్డున నిలబడి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఆ వల నాకు కనిపించేది కాదు.

ఒక్క హెచ్చరిక. ఒంటరిగా ఎవరూ ప్రయత్నించొద్దు, స్విమ్మింగ్ పూల్‌లో కూడా. దిగేముందు గబగబా గాలి పీల్చడం అసలే వద్దు, ఇబ్బంది తెలియకుండానే నీళ్లలో స్పృహ తప్పుతుంది. మాతో మునగాలనుకుంటే, ఈత బాగా వచ్చినవాళ్లు ఇద్దరిద్దరుగా పేర్లివ్వండి. మాస్కులు నాలుగే ఉన్నాయి, వంతులేసుకుందాం.