బయాప్సీ నెగెటివ్, పీఎస్ఏ మాత్రం తగ్గలే: ప్రోస్టేట్ ఫోన్-ఇన్

ప్రెజెంటర్: ప్రోస్టేట్ అంటే మగవాళ్ల మూత్రసంచి కింద ఉండే గ్రంథి, పీఎస్ఏ అంటే అది వదిలే పదార్థం రక్తంల ఎంతుందో చూసే పరీక్ష. నర్సంపేట దిక్కు నుంచి కాలర్. చెప్పండి, టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్: హలో... నమస్తే సార్. మా బాపు గురించి. 68 ఏండ్లు. రాత్రి నాలుగైదు సార్లు ఒంటికి లేస్తడు. పోయినేడు మిర్చి ఏరుడు షురూ కాకముందు వరంగల్ తీస్కవోతే పీఎస్ఏ 7 ఉన్నదని ముక్క పరీక్ష, అదే బయాప్సీ, చేసిండ్రు. నెగెటివ్ అని రాసిచ్చిండ్రు. భద్రకాళి గుడికి వోయి కొబ్బరికాయ కొట్టినం. మొన్న మళ్ల రక్తం ఇస్తే గదే 7. పెరుగలే. ఇగ క్యాన్సర్ లేనట్టే కద సార్?

డాక్టర్: ఎన్ని ముక్కలు తీసిండ్రు?

కాలర్: 12 అని ఉన్నది సార్.

డాక్టర్: ఆ 12 ముక్కల్ల దొరకలే, అంతే. గ్రంథి మొత్తం బాగుందని ఎవ్వరూ రాసియ్యలే. మీరు మిర్చి రైతే కదా? ఏనుమాముల మార్కెట్ల బస్తాల చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీస్తరు. అడుగున తాలు ఉంటే తెలుస్తదా?

కాలర్: వాళ్లు అడుగుదాంక తవ్వుతరు సార్, ధర తగ్గియ్యనీకి.

డాక్టర్: (నవ్వు) మా సూది అంత దూరం పోదు. వెనుక నుంచి గుచ్చుతం, ముందు భాగంల గడ్డ ఉంటే తప్పిపోవచ్చు. సరే, గోలీలు ఏమన్న వాడుతున్నడా?

కాలర్: ఒంటేలు సాఫుగ రానీకి ఒకటి. యేడాది సంది.

డాక్టర్: షీటు మీద పేరు చదువు.

కాలర్: ఆగుండ్రి... ఏయ్, ఆ బిస్కెట్ డబ్బ ఇటియ్యి... టామ్సులోసిన్... డ్యూ... డ్యూటాస్టెరైడ్.

డాక్టర్: అనుకున్న. ఈ రెండోది ఆర్నెల్లు, యేడాది వాడితే పీఎస్ఏ సగానికి పడాలె. మీ బాపుది పడలే. ల్యాబోళ్లు 7 అని రాస్తే మేం 14 కింద లెక్కపెట్టుకుంటం.

కాలర్: అంటే... పెరిగినట్టా?

డాక్టర్: అట్లనే చూడాలె. మొదటి స్కానింగ్‌ల ప్రోస్టేట్ సైజు ఎంత?

కాలర్: 40 గ్రాములు.

డాక్టర్: 80 ఉంటే 7 అంత భయం కాదు, పెద్ద గ్రంథి పీఎస్ఏ ఎక్కువ వదుల్తది. 7ను 40తో భాగిస్తే 0.17 దాటింది. 0.15 దాటితే మేం ఊకోం. ఎమ్మారై తీపియ్యండి. అందుల 1 నుంచి 5 దాంక మార్కు ఇస్తరు. 4, 5 వస్తే ఆ మచ్చకే గురిపెట్టి మళ్ల ముక్క తీస్తరు. పాత రిపోర్టులు పారెయ్యకుండ్రి, అన్నీ తీస్కపోండి.

ప్రెజెంటర్: థాంక్యూ అండీ. పరకాల నుంచి...

కాలర్: నాకు పీఎస్ఏ 6 సార్. అప్పుడు మూత్రంల మంట, జ్వరం...

డాక్టర్: ఇన్ఫెక్షన్ల చేపిస్తే పెరుగుతది. మందులు వాడి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్ల చేపియ్యండి. పాత కాయితం దాచుకోండి.

ప్రెజెంటర్: ములుగు నుంచి, చెప్పమ్మా.

కాలర్: మా బావకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది సార్. మా ఆయనకు 50. ఏం బాధ లేదంటడు.

డాక్టర్: సొంత అన్న కదా? బాధ లేకున్నా పీఎస్ఏ చేపియ్యాలె. మొదట్ల ఏ బాధా ఉండదు. ఎముకల నొప్పి వచ్చేదాంక...

ప్రెజెంటర్: లైన్ కట్ అయింది. నర్సంపేట అన్న మళ్లీ లైన్లకు వచ్చిండు.

కాలర్: సార్, ఏమనుకోకుండ్రి. బాపుకు క్యాన్సర్ ఉన్నట్టేనా?

డాక్టర్: నేను అట్ల అన్ననా తమ్ముడూ? వెతకాలె అన్న. వచ్చినా అన్నీ ఒక్కతీరు కాదు. క్యాన్సర్ ఎంత మొండిదో ముక్కల చూసి గ్లీసన్ అని మార్కు ఇస్తరు. అది 6 అయితే చాలామందిని పరీక్షలతోని కనిపెట్టుకుంట ఉంటం. 7, ఆ పైన అయితే వయసు, ఒళ్లు చూసి వైద్యం. ఆ మొండిది తప్పిపోవద్దనే ఇదంత.

కాలర్: గోలీ బంద్ చేయాల్నా?

డాక్టర్: మీ అంతట మీరు బంద్ చేయకుండ్రి. ఎమ్మారై కోసం అడుగుతున్న, గుండెల మిషిన్ ఏమన్న పెట్టిండ్రా?

కాలర్: లేదు సార్. కాలుల రాడ్ ఉన్నది, బండి మీదికెళ్లి పడ్డప్పుడు ఏసిండ్రు.

డాక్టర్: అది ఎమ్మారై కాడ ముందే చెప్పండి. ఆ ఆపరేషన్ కాయితాలు ఉన్నయా?

కాలర్: ...ఎతకాలె సార్.