అంబాసిడర్ డోర్ గ్లాసు మార్చాం: మూడు గ్లాసులు చూశాక ఏది పెట్టాం, ఎందుకు

అందరికీ నమస్తే. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. నా వెనక ఉన్నది మా నాయన కారు, 1973 అంబాసిడర్ మార్క్ టూ. మొన్న ఎండాకాలం దేవరకొండ రోడ్డు మీద పోతుంటే కుడివైపు ముందు డోర్ గ్లాసు ఒక్కసారిగా కిందికి జారి, డోర్ లోపలే పగిలిపోయింది. రాయి తగల్లేదు, ఎవరూ గట్టిగా డోర్ వేయలేదు. గుంతలో చక్రం పడింది, అంతే.

కొత్త గ్లాసు పెట్టిస్తే అయిపోతుంది అనుకున్నాను. ఉస్తాద్ డోర్ ప్యాడ్, అంటే లోపలివైపు అట్ట, విప్పి, లోపల చెయ్యి పెట్టి, ఇదిగో ఈ ముక్క బయటికి తీశాడు. కెమెరా కొంచెం దగ్గరికి. దీన్ని బాటమ్ చానల్ అంటారు. గ్లాసు కింది అంచు ఈ రేకు గాడిలో, రబ్బరు పట్టీ మధ్యలో కూర్చుంటుంది. హ్యాండిల్ తిప్పితే లోపలున్న గ్లాసు మిషన్ ఎత్తేది ఈ చానల్‌నే. చూడండి, సగం లేదు. "తమ్మీ, గ్లాసుది తప్పు కాదు. చానల్‌ను తుప్పు తిన్నది. దీంట్ల కొత్త గ్లాసు పెడితే అది కూడా ఇట్లనే పోతది" అన్నాడు. ఈ వీడియో చేయడానికి ఆ మాటే కారణం. పాత బండ్లున్నవాళ్లు గ్లాసు కోసం ఊళ్లన్నీ తిరుగుతారు కానీ, ఆ గ్లాసును పట్టుకున్నదాని వంక చూడరు.

సరే, ముందు గ్లాసుల సంగతి. ఇది మేము మొదట కొన్నది. పొద్దున అడిగితే సాయంత్రానికి కోసి ఇచ్చారు, 450 రూపాయలు. టఫెన్డ్ గ్లాసేనా, అంటే పగిలినా కత్తుల్లా కాకుండా గుళ్లుగా రాలే గట్టి గ్లాసేనా అని అడిగితే, అవునన్నారు. నేను నమ్మాను. కానీ కాస్త ఆలోచిస్తే అక్కడే తెలిసిపోవాలి. టఫెన్డ్ గ్లాసును కోయడం కుదరదు. గ్లాసును ముందే కావలసిన ఆకారంలో కోసి, అంచులు నున్నగా గ్రైండ్ చేసి, అప్పుడు 600 డిగ్రీలు దాటే వేడికి తీసుకుపోయి, గట్టి గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. దాంతో పైపొర బిగుసుకుపోతుంది, మామూలు గ్లాసుకంటే నాలుగైదు రెట్లు బలం వస్తుంది. ఆ తర్వాత దాని మీద కట్టర్ పెడితే మొత్తం గుళ్లుగుళ్లుగా రాలిపోతుంది. అంటే మీ ముందే షీటు తీసి కోసి ఇస్తే, అది కచ్చితంగా టఫెన్డ్ కాదు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని ఆకాశం వెలుగులో గ్లాసును ఏటవాలుగా చూడండి. టఫెన్డ్ అయితే మచ్చలు మచ్చలుగానో, చారలుగానో నీడలు కనిపిస్తాయి. మా బండి ఎడమ డోర్ గ్లాసులో కనిపించాయి, దీంట్లో కనిపించలేదు. మూలన ఐఎస్ఐ గుర్తు కూడా చూడండి. బండ్ల సేఫ్టీ గ్లాసుకు ఐఎస్ 2553 అనే ప్రమాణం ఉంది.

తేడా మీ కళ్లతో మీరే చూడాలని ఈ గ్లాసును గోనెసంచిలో పెట్టి సుత్తితో కొట్టాం. ఇప్పుడు సంచి విప్పుతున్నాను. పిల్లలెవరైనా చూస్తుంటే, ఇది ఇంట్లో చేయొద్దు. చూడండి ఈ ముక్క, జానెడు పొడవు, కత్తిలా ఉంది. ఇటుపక్క డబ్బాలో ఉన్నవి పగిలిన మా పాత గ్లాసు ముక్కలు, కలకండ పలుకుల్లా ఉన్నాయి. ఇవి గీసుకుపోతాయేమో కానీ, కత్తిలా ఒంట్లోకి దిగవు. మా నాయన ఎప్పుడూ ఆ డోర్ మీద మోచెయ్యి ఆనించి కూర్చుంటాడు. ఆయన పక్కన ఈ కత్తిలాంటి గ్లాసు పెట్టడం నా వల్ల కాదు. దయచేసి మీరూ పెట్టకండి. 450 రూపాయలు పోతే పోయాయి.

రెండోది సెకండ్ హ్యాండ్ గ్లాసు. హైదరాబాద్ రాణీగంజ్ దాకా పోయి వెతికితే దొరికింది. అసలైనదే, మూలన గుర్తు కూడా ఉంది. కానీ పైనుంచి కిందికి నిలువు గీతలున్నాయి. గ్లాసు జారే గాడిలో ఉండే నూగు పట్టీని ఫెల్ట్ అంటారు, పాత ఫెల్ట్‌లో ఇసుక ఇరుక్కుని గీసిన గీతలవి. రాత్రిపూట నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కితే ఎదురు లారీల లైట్లు ఈ గీతల మీద పడి చెదిరిపోతాయి, సైడ్ అద్దం కనిపించదు. పైగా ఒక అంచున చిన్న పెచ్చు లేచింది. టఫెన్డ్ గ్లాసుకు మధ్యలో ఎంత బలమో, అంచున అంత బలహీనం. వెనక డోర్‌కైతే, అంచులు బాగున్న పాత గ్లాసు మంచి బేరమే. డ్రైవర్ పక్కకు మాత్రం వద్దనుకున్నాను.

మూడోది, ఇప్పుడు బండికి ఉన్నది. ఆర్డర్ ఇచ్చి చేయించుకున్న టఫెన్డ్ గ్లాసు. 1,800 రూపాయలు, పది రోజులు. ఈ కార్ల డోర్ గ్లాసు వంపు లేకుండా చదునుగా ఉంటుంది, అది మన అదృష్టం. ఎడమ డోర్ గ్లాసును తిప్పి పెడితే కుడి డోర్ ఆకారం వస్తుంది. అందుకే ఎడమ గ్లాసు జాగ్రత్తగా విప్పి, పలచటి ప్లైవుడ్ మీద గీసి, కోసి, ఆ చెక్కను కుడి డోర్‌లో పైకీ కిందికీ జరిపి చూశాం. రెండుచోట్ల తట్టింది, ఆకురాయితో అరగదీశాం. ఈ పని ఎంత ఓపికగా చేస్తే అంత మంచిది, ఎందుకంటే గ్లాసు వచ్చాక ఒక్క మిల్లీమీటరు కూడా తీయలేం. మందం కూడా పాత ముక్కనే వెర్నియర్‌తో కొలిచి రాసి ఇచ్చాం. పలచనిది వస్తే జీవితాంతం గడగడలాడుతుంది.

కలర్ గ్లాసు కావాలా అని అడిగారు. మిగతా గ్లాసులన్నీ తెల్లవే కాబట్టి తెల్లదే చెప్పాం. సైడ్ గ్లాసు నుంచి కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలన్నది రూల్. నల్ల ఫిల్మ్ అతికించడాన్ని సుప్రీంకోర్టు 2012లోనే వద్దంది.

పవర్ విండో కిట్ పెట్టించమని కూడా కొందరు చెప్పారు. నేను పెట్టించను. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి వింటేజ్‌గా వీఏ సిరీస్ నంబర్ తీసుకోవచ్చు. మా బండికి ఆ వయసు వచ్చింది. హ్యాండిల్ తిప్పే గ్లాసు హ్యాండిల్‌తోనే ఉండాలి.

ఇక ఫిట్టింగ్. హ్యాండిల్ పీకేముందు అది స్క్రూతో ఉందా, పిన్నుతో ఉందా చూసుకోండి. గుంజితే విరుగుతుంది. ప్యాడ్ తీశాక లోపలి గాజుపలుకులన్నీ వ్యాక్యూమ్‌తో లాగేయండి. డోర్ అడుగున చిన్న రంధ్రాలుంటాయి, వాన నీళ్లు దిగిపోవడానికి. మా డోర్‌లో అవి మట్టితో గట్టిగా మూసుకుపోయాయి. చానల్‌ను తిన్న తుప్పు అక్కడే పుట్టింది! నీళ్లు లోపల నిలిచి, ఏళ్ల తరబడి ఆ తేమ పైకి పట్టింది. కడ్డీతో పొడిచి, కడిగి, ఆరబెట్టి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పెయింట్ వేశాం.

కొత్త బాటమ్ చానల్ ఇక్కడే లేత్ దగ్గర రేకు వంచి చేయించాం. పాతదాన్ని పారేయకుండా ఉంచుకోండి, గ్లాసు అంచు నుంచి ఎన్ని అంగుళాల దూరంలో చానల్ ఉండాలో దాని మీదే కొలవాలి. అర అంగుళం పక్కకు పోయినా గ్లాసు వంకరగా ఎక్కుతుంది. రబ్బరు పట్టీకి సబ్బునీళ్లు రాసి, గ్లాసును పాత దుప్పటి మీద నిలబెట్టి, చెక్క సుత్తితో కొంచెం కొంచెం తట్టాం. తర్వాత క్వార్టర్ గ్లాసు, అంటే డోర్ ముందు మూలనున్న చిన్న గ్లాసు, దాని పక్కనున్న నిలువు చానల్ స్క్రూలు వదులు చేసి, గ్లాసును ఏటవాలుగా దించాం. ఇద్దరు మనుషులు ఉండాల్సిందే.

ఫెల్ట్ విషయంలో డబ్బులు మిగిల్చుకోవద్దు. ఈ చౌక రకం చూడండి, నూగును గోటితో గీకితే ఊడొస్తోంది. మన ఎండకు ఇది ఒక్క వేసవి కూడా ఆగదు. రెండో రకం, లోపల రేకు ఉండి నూగు దట్టంగా ఉన్నది, ధర రెట్టింపు. అదే పెట్టాం. ఫెల్ట్‌లో గ్రీజు మాత్రం రాయొద్దు, దుమ్ము పట్టి అదే గీతలు పెడుతుంది. సిలికాన్ స్ప్రే చాలు. గ్రీజు రాయాల్సింది గ్లాసు మిషన్ పళ్లకు మాత్రమే. ప్యాడ్ వెనక పాలిథిన్ కవర్ కూడా మర్చిపోకుండా అతికించండి, లేకపోతే అట్ట తడిసి ఉబ్బుతుంది.

ఇప్పుడు నీళ్ల పరీక్ష. గ్లాసు పైదాకా ఎక్కించాను. బయటి నుంచి బకెట్ నీళ్లు పోస్తున్నాడు మా తమ్ముడు. కొన్ని నీళ్లు, గ్లాసు డోర్‌లోకి దిగే చోటున్న నడుము రబ్బరు దాటి డోర్ లోపలికి పోతాయి, అది మామూలే. కింద చూడండి. ఒకటి, రెండు... మూడు రంధ్రాల నుంచీ ధారగా కారుతున్నాయి. లోపల ప్యాడ్ మీద చెయ్యి పెడుతున్నాను. పొడిగా ఉంది. నాయనా, వచ్చి ఒకసారి హ్యాండిల్ తిప్పు.