కోనసీమ రైలు లెక్క

శ్రోతలకు నమస్కారం.

కాకినాడ నుంచి నర్సాపురానికి రైల్లో వెళ్లాలంటే సామర్లకోట, రాజమండ్రి, నిడదవోలు, భీమవరం చుట్టి రావాలి. సముద్రం వైపు నుంచి వెళ్తే దగ్గరే. కానీ ఆ దారిలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ అని గోదావరి మూడు పాయలు అడ్డం. ఆ పాయల మధ్యే కోనసీమ. 2022లో అది జిల్లా అయింది. జిల్లా కేంద్రం అమలాపురంలో ఇంకా రైలెక్కే వీల్లేదు.

కాకినాడ లైను గోదావరి గట్టున ఆగిపోయే కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000–01లోనే మంజూరైంది. అప్పటి లోక్‌సభ స్పీకర్, అమలాపురం ఎంపీ బాలయోగి గారు పట్టుబట్టి సాధించిన లైను అది. రెండు దశాబ్దాలు దాటినా పూర్తి కాలేదు. అసలు ఇలాంటి లైను కట్టడం లాభమా, నష్టమా? ఆ లెక్క ఎలా వేయాలి?

రైల్వే వేసుకునే లెక్క రాబడి రేటు. పెట్టిన డబ్బు మీద టికెట్ల రూపంలో, సరుకు కిరాయి రూపంలో ఏటా ఎంత మిగులుతుందని చూస్తారు. కొత్త లైనుకు 14 శాతం రావాలని ఒకప్పుడు గీత గీసుకున్నారు, తర్వాత తగ్గించారు. 57 కిలోమీటర్లలో మూడు పెద్ద వంతెనలు కట్టాల్సిన లైను ఆ గీతను అందుకోవడం కష్టమని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఖర్చులో 25 శాతం రాష్ట్రం భరించాలన్న షరతు కూడా ఇలాంటి లైన్లకే వస్తుంది.

అయితే రైలు వల్ల కలిగే మేలంతా రైల్వే గల్లాపెట్టెలోకి రాదు. అంబాజీపేట మార్కెట్ నుంచి కొబ్బరి లారీల్లో దూర రాష్ట్రాలకు వెళ్తుంది. కిరాయి తగ్గితే ఆ మిగులు రైతుకో, వ్యాపారికో, కొనేవాళ్లకో చేరుతుంది. కాకినాడ ఆసుపత్రికి వెళ్లే మనిషికి గంట కలిసొస్తే దానికీ విలువ ఉంది. రోడ్డు మీద ప్రమాదాలు తగ్గడం, రాజమండ్రి దగ్గర మెయిన్ లైనుకు ఇబ్బంది వస్తే ఇంకో దారి ఉండటం, ఇవన్నీ జమ వైపు రాయాల్సినవే. స్థలాల రేట్లు పెరగడాన్ని మాత్రం వేరే లాభంగా కలపకూడదు. ప్రయాణం సుఖమవుతుందనే కదా రేటు పెరిగేది! ఒకే లాభాన్ని రెండుసార్లు రాసినట్టవుతుంది. సభల్లో నాయకులు ఎక్కువగా చెప్పేది మాత్రం అదే.

కాకినాడ–కోటిపల్లి లైను సంగతీ చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దాని పట్టాలు పీకేశారు. 2004లో మళ్లీ వేశాక దానిమీద రైలుబస్సు, అంటే బస్సులాంటి చిన్న రైలు, నడిచింది. ఆ వసూళ్లు చూసి ఈ ప్రాంతంలో జనం రైలెక్కరని తీర్మానిస్తే పొరపాటు. గోదావరి గట్టున ఆగిపోయే లైనుకు వచ్చే గిరాకీ వేరు, అవతలి ఒడ్డు దాటి నర్సాపురంలో కలిసే లైనుకు వచ్చే గిరాకీ వేరు.

ఇక ఆలస్యం. నా ఉద్దేశంలో ఈ లైనుకు అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. వందల కోట్లు పోసి నదిలో స్తంభాలు లేపి, పట్టాలు వేయకుండా ఉంచడమంటే గోడలు కట్టి కప్పు వేయని ఇంటికి వడ్డీ కట్టుకుంటూ పోవడమే. ఏడు శాతం వడ్డీ వేసుకున్నా, ఇవాళ పెట్టిన 100 కోట్లు పదేళ్లు ఊరికే పడి ఉంటే దాదాపు 197 కోట్ల బరువవుతుంది. సిమెంటు, ఇనుము, భూసేకరణ ధరలు పెరగడం దీనికి అదనం.

ఖర్చు పెరుగుతుంటే మేలు కూడా అలాగే నిలిచి ఉండదు, తగ్గుతుంది. ఈలోగా రోడ్డు వంతెనలు వచ్చాయి. యానాం–ఎదుర్లంక మధ్య గౌతమి మీద బాలయోగి గారి పేరిటే వంతెన ఉంది. వైనతేయ మీద బోడసకుర్రు వంతెన, వశిష్ఠ మీద దిండి–చించినాడ వంతెన ఉన్నాయి. రేవులో పంటు కోసం నిలబడిన రోజులతో పోల్చి రైలు ఎంత సమయం మిగులుస్తుందో లెక్కేస్తే అది ఇప్పుడు చెల్లదు. ఇవాళ పోల్చాల్సింది వంతెన మీద పోయే బస్సుతో, లారీతో. లైను లేకపోతే జనం ఏం చేస్తారన్న ప్రశ్నకు జవాబు మారినప్పుడల్లా లెక్క మొదటినుంచీ వేయాలి.

మరి ఇప్పుడు ఆపేయాలా? ఇక్కడే లెక్క మలుపు తిరుగుతుంది. ఖర్చయిన డబ్బు ఆపినా తిరిగి రాదు. కాబట్టి ఇవాళ చూడాల్సింది ఇకపై పెట్టాల్సిన ఖర్చుకు ఇకపై కలిగే మేలు సరిపోతుందా అనే. 2000లో ఈ పరీక్ష తప్పిన లైను, స్తంభాలు లేచిన తర్వాత నెగ్గవచ్చు. ఈ లైను పూర్తి చేయడమే మేలని నేనంటాను. కానీ ఇదే తర్కాన్ని నమ్ముకుని, ఒకసారి శంకుస్థాపన చేసేస్తే తర్వాత ఎవరూ ఆపలేరన్న ధీమాతో దేశమంతా లైన్లు మొదలుపెట్టినవాళ్లున్నారు. ఉన్న నిధులను అన్నింటికీ తలా కాస్త పంచితే ఏ ఒక్కటీ వేళకు పూర్తి కాదు. మంజూరు కాగితంలోనే ఏ ఏడాది ఎంత ఇస్తారో, రైలు ఏ ఏడాది నడుపుతారో రాయాలి. ఏడాది ఆలస్యమైతే ఎంత నష్టమో కూడా అదే కాగితంలో రూపాయల్లో చూపించాలి.

సెలవు.