"డీఓజే అక్రెడిటెడ్" అన్నంత మాత్రాన సరిపోదు: ఇమిగ్రేషన్ ప్రతినిధుల రికార్డులపై ఫోన్-ఇన్

నిర్వాహకురాలు: నమస్కారం. అమెరికాలో లాయర్లు కాకపోయినా న్యాయశాఖ, అంటే డీఓజే, అనుమతితో ఇమిగ్రేషన్ కేసులు చూసే అక్రెడిటెడ్ ప్రతినిధులు ఉంటారు. వాళ్ల గుర్తింపు రికార్డులను ప్రభుత్వం నుంచి ఎలా తెప్పించుకోవాలో ఈరోజు చెప్పుకుందాం. మొదటి కాల్ టెక్సస్‌లోని ఇర్వింగ్ నుంచి. చెప్పండి.

ఇర్వింగ్ శ్రోత: నమస్తే అండి. మా అత్తగారి గ్రీన్‌కార్డ్ ఫైల్ ఒకాయన చూస్తున్నారు. లాయర్ని కాను, డీఓజే అక్రెడిటెడ్‌ని అంటారు. ఆఫీసేమో షాపింగ్ కాంప్లెక్స్‌లో ట్రావెల్స్ పక్కన ఉంది. ఎలా తేల్చుకోవాలి?

నిపుణుడు: ఆయన మీ అత్తగారి ప్రతినిధినని సంతకం పెట్టిన జీ-28 ఫారం కాపీ ఉందా అమ్మా?

ఇర్వింగ్ శ్రోత: చేతిలోనే ఉందండి.

నిపుణుడు: రెండో భాగం చూడండి. మొదటి గడి లాయర్లది. రెండోది అక్రెడిటెడ్ ప్రతినిధులది. దాని కింద గుర్తింపు పొందిన సంస్థ పేరు, అక్రెడిటేషన్ తేదీ రాయాలి. ఏం రాశారు?

ఇర్వింగ్ శ్రోత: తేదీ వేశారు. సంస్థ పేరు దగ్గర వాళ్ల కన్సల్టెన్సీ పేరే ఉంది.

నిపుణుడు: ఇక్కడ జాగ్రత్త పడాలి. అక్రెడిటేషన్ అనేది మనిషికి విడిగా దొరికే లైసెన్సు కాదు. ముందు సంస్థకి గుర్తింపు రావాలి. అది లాభాపేక్ష లేనిదై, ఫెడరల్ పన్ను మినహాయింపు ఉండి, ప్రధానంగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి సేవ చేసేదై ఉండాలి. ఆ సంస్థే తన దగ్గర పనిచేసే ఫలానా వ్యక్తికి అక్రెడిటేషన్ అడుగుతుంది. లాభానికి నడిపే కన్సల్టెన్సీకి ఆ దారి లేదు. ఆయనకి ఒకప్పుడు నిజంగానే ఉండి ఉండొచ్చు. కానీ ఆ సంస్థ నుంచి బయటికొస్తే దాని పేరుమీద వచ్చిన అక్రెడిటేషన్ ఆయన వెంట రాదు.

నిర్వాహకురాలు: గోడకి పాత లెటర్ ఫ్రేమ్ కట్టించి పెట్టుకుంటేనో?

నిపుణుడు: అదే చాలామందిని తప్పుదోవ పట్టిస్తోంది. ఇంకొకటి, మన దగ్గర నోటరీ అంటే సాధారణంగా అడ్వకేటే, చట్టం తెలిసిన మనిషి. అమెరికాలో నోటరీ సంతకానికి సాక్షి మాత్రమే. ఆ బోర్డు చూసి లాయరనుకుని డబ్బు కట్టినవాళ్లు నష్టపోయారు. అమ్మా, న్యాయశాఖలో ఇమిగ్రేషన్ కోర్టుల్ని నడిపే విభాగం ఈఓఐఆర్. గుర్తింపు పొందిన సంస్థలు, అక్రెడిటెడ్ ప్రతినిధుల జాబితాలు దాని సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆయన పేరు, దాని పక్కన సంస్థ పేరు, గడువు చూడండి. సంస్థ గుర్తింపు 6 ఏళ్లు, వ్యక్తి అక్రెడిటేషన్ 3 ఏళ్లు ఉంటుంది. గడువు దాటినట్టు కనబడితే వెంటనే దొంగ అనేయకండి. సకాలంలో రెన్యూవల్ పెట్టుంటే నిర్ణయం వచ్చేదాకా పాతదే చెల్లుతుంది. ఇంకా, అది పాక్షికమా పూర్తిదా చూడండి. పాక్షికం అయితే గ్రీన్‌కార్డ్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ లాంటి, హోంలాండ్ సెక్యూరిటీ శాఖ (డీహెచ్ఎస్) ఆఫీసుల ముందే ప్రతినిధి. ఇమిగ్రేషన్ కోర్టులో నిలబడాలంటే పూర్తి అక్రెడిటేషన్ కావాలి.

ఇర్వింగ్ శ్రోత: జాబితాలో లేకపోతే?

నిపుణుడు: ఫైల్ కాగితాలన్నీ వెనక్కి తీసుకుని, లైసెన్సున్న లాయర్ దగ్గరో గుర్తింపున్న సంస్థ దగ్గరో కొత్త జీ-28 వేయించండి. జాబితా ఈరోజు సంగతే చెబుతుంది. రెండేళ్ల కిందట ఆయన సంతకం పెట్టిన రోజున అక్రెడిటేషన్ ఉందా అన్నది తేలాలంటే రికార్డులు అడగాలి.

నిర్వాహకురాలు: అదే ప్రశ్నతో న్యూజెర్సీ, ఎడిసన్ నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు.

ఎడిసన్ శ్రోత: సార్, నేను ఫోయా, అంటే అమెరికా సమాచార హక్కు చట్టం కింద రిక్వెస్ట్ పెట్టాను. "ఈ వ్యక్తి 2022లో అక్రెడిటెడేనా? ఎందుకు తీసేశారు?" అని అడిగాను. రికార్డులేంటో స్పష్టంగా చెప్పమని తిప్పి పంపారు.

నిపుణుడు: ఎందుకంటే మీరు జవాబు అడిగారు. ఫోయా కింద వాళ్లు ఇవ్వాల్సింది ఉన్న కాగితాలే. సందేహాలు తీర్చడం, కారణాలు రాసివ్వడం వాళ్ల బాధ్యత కాదు. రాసుకోండి, ఇలా అడగండి: "ఫలానా సంస్థ, ఫలానా నగరం, ఫలానా వ్యక్తికి సంబంధించి 2021 జనవరి 1 నుంచి 2024 డిసెంబర్ 31 వరకు ఉన్న ఈ రికార్డుల కాపీలు కావాలి. ఒకటి, అక్రెడిటేషన్ కోసం సంస్థ ఇచ్చిన ఈఓఐఆర్-31ఏ దరఖాస్తులు, జతపరచిన పత్రాలు. రెండు, వాటిపై వెలువడిన ఆమోద, తిరస్కరణ లేఖలు. మూడు, ఆ వ్యక్తి సంస్థను వదిలినట్టు సంస్థ పంపిన సమాచారం, అక్రెడిటేషన్ ముగిసినట్టు తెలిపే లేఖలు." సంస్థ గుర్తింపు మీదే అనుమానం ఉంటే, ఆ గుర్తింపు కోసం పెట్టే ఈఓఐఆర్-31 దరఖాస్తు కూడా కలపండి.

ఎడిసన్ శ్రోత: మూడోది ఎందుకండి?

నిపుణుడు: మీకు అసలు పనికొచ్చేది అదే. ప్రతినిధి మానేస్తే, అలాంటి మార్పేది జరిగినా, సంస్థ 30 రోజుల్లోపు తెలియజేయాలి. ఆ లేఖ మీద ఉన్న తేదీని మీ జీ-28 మీద ఉన్న సంతకం తేదీ పక్కన పెట్టండి, విషయం తేలిపోతుంది. పేరు విషయంలో మాత్రం జాగ్రత్త. మన వాళ్లలో ఇంటిపేరు ముందు రాసేవాళ్లున్నారు, వెనక రాసేవాళ్లున్నారు, ఇనీషియల్‌తో సరిపెట్టేవాళ్లున్నారు. "లక్ష్మి"కే ఇంగ్లిష్‌లో రెండు మూడు స్పెల్లింగులు. మీరిచ్చిన స్పెల్లింగ్‌తోనే వెతికి "రికార్డులు దొరకలేదు" అని రాసేయొచ్చు. తెలిసిన రూపాలన్నీ ఇవ్వండి, సంస్థ పేరుతో కూడా వెతకమనండి. మీకు కావాల్సింది 2017 జనవరి 18కి ముందు సంగతైతే, అప్పట్లో ఈ గుర్తింపులిచ్చింది ఇమిగ్రేషన్ అప్పీల్స్ బోర్డు, అంటే బీఐఏ. బోర్డు నిర్ణయాలు కూడా అని ఒక వాక్యం చేర్చండి.

నిర్వాహకురాలు: ఖర్చు ఎంతవుతుంది?

నిపుణుడు: దరఖాస్తు ఫీజు లేదు. వ్యాపారానికి కాకుండా సొంత అవసరానికి అడిగేవాళ్లకి మొదటి 2 గంటల వెతుకులాట, మొదటి 100 పేజీలు ఉచితం. మొత్తం 25 డాలర్లు మించకపోతే న్యాయశాఖ అసలు వసూలు చేయదు. అయినా "25 డాలర్లు దాటేటట్టుంటే ముందు నాకు చెప్పండి" అని రాయండి. పంపాల్సింది నేరుగా ఈఓఐఆర్‌కి, ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. గడువు 20 పనిదినాలు. ప్రత్యేక పరిస్థితులుంటే మరో 10 పొడిగించుకోవచ్చు. ఆచరణలో అంతకన్నా ఆలస్యం కావచ్చు, ట్రాకింగ్ నంబర్ పోగొట్టుకోకండి. మీ పేరుమీద దాఖలైన జీ-28 కాపీ మాత్రం ఈఓఐఆర్ దగ్గర దొరక్కపోవచ్చు. అది మీ యూఎస్‌సీఐఎస్ ఫైల్లో ఉంటుంది, అక్కడ వేరే ఫోయా పెట్టాలి.

నిర్వాహకురాలు: కరీంనగర్ నుంచి ఒక పెద్దాయన.

కరీంనగర్ శ్రోత: మా అబ్బాయి డాలస్‌లో ఉన్నడు సార్. వానికి తీరిక లేదు. నేను ఇక్కడి నుంచి అడగొచ్చా? మన ఆర్టీఐ తీరు పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టాల్నా?

నిపుణుడు: అడగొచ్చండి, ఏ పోస్టల్ ఆర్డరూ వద్దు. మన ఆర్టీఐ భారత పౌరులకే. ఫోయాలో ఆ షరతు లేదు, ఏ దేశం వాళ్లైనా పెట్టొచ్చు. ప్రతినిధి అక్రెడిటేషన్ రికార్డులు మీ పేరుతోనే అడగండి. మీ అబ్బాయి సొంత ఫైల్ కావాలంటే మాత్రం ఆయన రాతపూర్వక సమ్మతి, సంతకం తప్పనిసరి. ఈఓఐఆర్ దగ్గరున్న వాటికి డీఓజే-361 అనే ఫారం ఉంది.

నిర్వాహకురాలు: ఆఖరి కాల్, కాలిఫోర్నియా, ఫ్రీమాంట్.

ఫ్రీమాంట్ శ్రోత: ఒక ప్రతినిధి మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో కాపీలు అడిగానండి. ఉన్నాయనీ చెప్పం, లేవనీ చెప్పం అని రాశారు. దరఖాస్తు కాపీ వచ్చింది గానీ సగం నల్లగా కొట్టేశారు.

నిపుణుడు: రెండూ వేరువేరు మేడమ్. ఫిర్యాదులు, ప్రాథమిక విచారణ నిబంధనల ప్రకారం గోప్యం. క్రమశిక్షణ చర్యకి నోటీసు దాఖలైతేనే బయటికొస్తుంది. దాని మీద అప్పీలు చేసి కాలం వృథా చేసుకోకండి. ఈఓఐఆర్ పెట్టే క్రమశిక్షణ చర్యల జాబితాలో పేరుందేమో చూడండి. మీకే అన్యాయం జరిగుంటే ఈఓఐఆర్-44 ఫారంతో మీరే ఫిర్యాదు చేయండి. అసలు అక్రెడిటేషనే లేని మనిషైతే రాష్ట్ర అటార్నీ జనరల్‌కి కూడా రాయండి. ఇక నల్లగా కొట్టేసిన భాగం: పక్కన ఏ అంకె ఉంది?

ఫ్రీమాంట్ శ్రోత: "బీ సిక్స్" అని ఉంది.

నిపుణుడు: అది వ్యక్తిగత గోప్యత మినహాయింపు. ఇంటి చిరునామా, పుట్టిన తేదీ, సొంత ఫోన్ నంబర్ పోవడం న్యాయమే. సంస్థ పేరో, ఆమోద తేదీయో, పాక్షికమా పూర్తా అన్నదో కొట్టేస్తే మాత్రం ఊరుకోవద్దు. వాటిని జాబితాల్లో ప్రభుత్వమే ప్రచురిస్తోంది. న్యాయశాఖలోని ఆఫీస్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ పాలసీకి అప్పీలు పెట్టి, ఏ పేజీలో ఏ గడి తెరవాలో రాసి, జాబితాలో అదే వివరం ఉన్న పేజీని జత చేయండి.

ఫ్రీమాంట్ శ్రోత: ఎప్పటిలోగా పెట్టాలండి?

నిపుణుడు: జవాబు లెటర్ మీద ఉన్న తేదీ నుంచి 90 రోజులు. మీ చేతికందిన రోజు నుంచి కాదు, శని ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో పంపి, అందినట్టు వచ్చిన మెయిల్ దాచుకోండి.