కాపుకొచ్చాక లెక్క చూడండి

(పలాసలో రైతులు, డిగ్రీ విద్యార్థులు హాజరైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న మిత్రులకు, మందస నుంచి, వజ్రపుకొత్తూరు నుంచి, సోంపేట నుంచి పనులు మానుకుని వచ్చిన రైతులకు, వెనక నిలబడి ఉన్న విద్యార్థులకు నమస్కారం. బాబూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. అమ్మలు ఎండలో నడిచి వచ్చారు, వాళ్లకు ఫ్యాను కింద చోటివ్వండి. నాకు నలభై నిమిషాలు ఇచ్చారు. మర్యాదల మాటలు ఇంతటితో ఆపేస్తాను.

నాకిచ్చిన విషయం: విదేశీ సాయం వల్ల ద్రాక్ష రైతుల బతుకు బాగుపడిందా, ఆ సంగతి తేల్చడం ఎలా? మన పలాస చుట్టుపక్కల ఉద్దానంలో ద్రాక్ష ఎక్కడుందని పొద్దున్నే ఒక పెద్దాయన ఫోన్ చేసి అడిగారు. నిజమే, లేదు. మనకున్నవి జీడి, కొబ్బరి, పనస. కానీ ద్రాక్ష తీగ, జీడి మొక్క ఒక విషయంలో ఒకటే. నాటిన ఏడాది రెండూ పైసా ఇవ్వవు. ద్రాక్ష చెప్పుకోదగ్గ కాపుకు రావడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. జీడి అంటు మూడో ఏటో నాలుగో ఏటో పూత చూపించినా, ఇల్లు గడిచేంత కాపు రావాలంటే ఇంకా ఆగాలి. సాయం చేసే సంస్థల ప్రాజెక్టు మాత్రం మూడేళ్లు, మహా అయితే ఐదేళ్లు. చెట్టు కాపుకొచ్చే వేళకి ఆఫీసు ఎత్తేస్తారు. నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది.

అఫ్గానిస్తాన్‌తో మొదలుపెడతాను. కాబూల్‌కు ఉత్తరాన షోమాలీ మైదానం ఉంది. తరతరాలుగా ద్రాక్షకు పేరుపడ్డ నేల అది. 1999లో తాలిబాన్లు అక్కడి తోటలు తగలబెట్టారు, నీటి కాలవలు పాడుచేశారు. అంతకుముందు నుంచీ జరిగిన యుద్ధాల్లో పాతిన మందుపాతరలు నేలలో అలాగే ఉండిపోయాయి. రైతుకు భూమి ఉంది, అందులో అడుగు పెట్టే ధైర్యం లేదు. కాలిఫోర్నియాలో హైడీ కూన్ అనే మహిళ 1997లో రూట్స్ ఆఫ్ పీస్ అనే సంస్థను ప్రారంభించారు. మందుపాతరలు తీయించి, ఆ నేలలో మళ్లీ ద్రాక్ష నాటించడం వాళ్ల పని. ఆమెకు 2023లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది. అక్కడ పాత పద్ధతిలో తీగను మట్టి గట్ల మీద పాకిస్తారు. గుత్తులు నేలకు తగిలి కుళ్లుతాయి. స్తంభాలు పాతి ఇనప తీగలు లాగి పందిరి కట్టిస్తే గాలీ వెలుతురూ తగిలి కాయ శుభ్రంగా వస్తుంది, దిగుబడి పెరుగుతుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్ఎయిడ్ డబ్బు కూడా ఇలాంటి పనులకు వెళ్లింది. మందుపాతర తీసిన చేలో ఒక పసివాడు కాలు పోగొట్టుకోకుండా నడిచాడంటే, ఆ సాయాన్ని చిన్నచూపు చూసే నోరు నాకు లేదు. విద్యార్థులు ఇది గుర్తుపెట్టుకోండి. సాయమంతా దండగ అని చెప్పడానికి నేను రాలేదు.

కానీ దిగుబడి పెరగడం వేరు, బతుకు బాగుపడటం వేరు. ఆ ద్రాక్ష ఎక్కడ అమ్ముడుపోవాలి? ఎక్కువగా పాకిస్తాన్ మీదుగా పోవాలి. తోర్ఖమ్, చమన్ అని రెండు సరిహద్దు దారులున్నాయి. రెండు దేశాల మధ్య గొడవ వచ్చినప్పుడల్లా ఆ దారులు మూసేస్తారు. 2025 అక్టోబరులో ఘర్షణలు జరిగి మూసేశారు. అది ద్రాక్ష, దానిమ్మ లారీలు కదిలే కాలం. పందిరి ఎంత గట్టిగా కట్టినా, గేటు దగ్గర నిలిచిపోయిన లారీలో కాయ ఎన్నాళ్లు ఆగుతుంది?

అఫ్గానిస్తాన్ పునర్నిర్మాణానికి అమెరికా పెట్టిన ఖర్చును తనిఖీ చేయడానికి వాళ్ల పార్లమెంటే 2008లో సిగార్ అనే సంస్థను పెట్టింది. ఇరవై ఏళ్ల అనుభవం మీద అది 2021 ఆగస్టులో ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. అప్పటికి అయిన ఖర్చు దాదాపు 14,500 కోట్ల డాలర్లు. జరిగిన పనుల్ని లెక్కపెట్టారు కానీ వాటివల్ల ఏం మారిందో చాలాచోట్ల చూడలేదని ఆ నివేదిక తప్పుపట్టింది. ఎప్పటికప్పుడు నిజం చూసుకోకపోతే, చేయకూడని పనినే ఏ లోపం లేకుండా చేసేసే ప్రమాదం ఉందని కూడా చెప్పింది. పెళ్లిలో ఎన్ని విస్తళ్లు వేశారో రాసుకుని, తిన్నవాళ్ల కడుపు నిండిందో లేదో అడక్కుండా వెళ్లిపోతే ఎలా ఉంటుంది? ఎంతమందికి శిక్షణ ఇచ్చాం, ఎన్ని మొక్కలు పంచాం అనే లెక్కలు అలాంటివే.

ఇక్కడ నేను మోల్డోవా గురించి వివరంగా చెప్పాలి. కానీ ముందు నా గుండెలో ఉన్నది చెప్పేస్తాను, లేకపోతే మిగతాది సరిగా మాట్లాడలేను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. మీకు నేను చెప్పాలా? ఈ హాల్లో చెట్టు పోగొట్టుకోని ఇల్లు ఉందా? మా చిన్నాన్న జీడి తోట, కొబ్బరి తోట ఒక్క రాత్రిలో నేలకూలాయి. తర్వాత ఒక సంస్థ వచ్చింది. డబ్బు విదేశాల నుంచి వచ్చిందే. పేరు చెప్పను, పేరుతో నాకు పని లేదు. జీడి అంట్లు ఇచ్చారు, గోతులు తీయడానికి కొంత డబ్బిచ్చారు. అందుకు ఈరోజుకీ దండం పెడతాం. ఏడాది తిరక్కుండా సర్వే వాళ్లు వచ్చారు. ఆరోజు నేను అక్కడే ఉన్నాను. ఫారంలో ఏముంది? ఎన్ని మొక్కలు అందాయి, శిక్షణకు వెళ్లారా, సంతృప్తిగా ఉన్నారా. చిన్నాన్న ఏమన్నాడంటే, "నాలుగేళ్లు పోయాక రండి బాబూ, సంతోషమో కాదో అప్పుడు సెప్తాను." ఆ కుర్రాడు నవ్వి "సంతృప్తి" దగ్గర టిక్కు పెట్టుకున్నాడు. బ్యానరు పట్టించి ఫోటో తీశారు. తర్వాత ఎవరూ రాలేదు.

ఆ మొక్కల్లో చాలావరకు మొదటి వేసవికే ఎండిపోయాయి. బతికినవి మా చిన్నమ్మ బిందెలతో మోసిన నీళ్ల వల్ల బతికాయి. ఆమె మోసిన నీళ్లు ఏ ఫారంలో ఉన్నాయి? ఆ పనికి కూలి కడితే ఎంతవుతుంది? అమ్మలూ, మీరే చెప్పండి, మీ ఇళ్లలోనూ అలా నీళ్లు మోసింది మీరే కదా. రైతు లాభం లెక్కకట్టేటప్పుడు ఇంటి ఆడవాళ్ల చాకిరీని సున్నా కింద వేసే లెక్క నాకొద్దు. ఆ నివేదిక కాపీ ఇవ్వమని వాళ్ల ఆఫీసుకు వెళ్లి అడిగాను. అది బయటివాళ్లకు ఇచ్చేది కాదన్నారు. మా చిన్నాన్న చెప్పిన మాట మీద రాసిన కాగితానికి మా చిన్నాన్న బయటివాడట! నా బాధంతా అక్కడే.

సరే, మోల్డోవా. చిన్న దేశం, ద్రాక్ష, వైను మీద బతికే పల్లెలు ఎక్కువ. అమెరికా, యూరప్ సాయం బాగా అందింది. 2006 మార్చిలో రష్యా మోల్డోవా వైన్‌ను నిషేధించింది. అప్పటిదాకా వాళ్లకు పెద్ద కొనుగోలుదారు రష్యాయే. 2013లో మళ్లీ నిషేధించింది. ఇప్పుడు ఆలోచించండి. సాయం ముందు ఆదాయం ఇంత, తర్వాత ఇంత అని చూస్తే, 2006లో ఎంత మంచి ప్రాజెక్టయినా విఫలమైనట్టే కనిపిస్తుంది. ధర బాగున్న ఏడాది ఎంత పనికిమాలిన ప్రాజెక్టయినా గెలిచినట్టు కనిపిస్తుంది. అందుకే సాయం అందిన రైతును, అదే నేల, అదే ధర ఉండి సాయం అందని రైతుతో పోల్చి చూడాలి. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్ ప్రపంచానికి నేర్పింది ఇలాంటి పోలికే.

ఇది పెద్ద దేశాల వ్యవహారం అనుకోకండి. మన జిల్లాలోనే జరిగింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో 2000లో వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం మొదలైంది, శ్రీకాకుళం, విజయనగరం రెండింటిలోనూ. సాయం అంటాం కానీ అది తీర్చాల్సిన అప్పు. క్లాస్ డైనింగర్, యాన్యాన్ లియూ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దాని మహిళా పొదుపు సంఘాల మీద ఇంటింటి సర్వే చేయించి చూశారు. సర్వే చేసిన జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. సంఘాల్లో చేరినవాళ్ల ఇళ్లలో తిండి మెరుగైంది, ఖర్చు పెట్టగలిగే స్థితి వచ్చింది, ఆడవాళ్ల మాటకు విలువ పెరిగింది. కానీ సర్వే నాటికి ఆదాయం, ఆస్తి పెరిగినట్టు కనబడలేదని నిజాయితీగా రాశారు. అదీ లెక్కంటే. మంచిని మంచి అన్నారు, లేనిది లేదన్నారు. కానీ తమ ఇళ్ల మీద వచ్చిన ఈ ఫలితం ఇక్కడున్న డ్వాక్రా అక్కల్లో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. చూశారా!

మన జీడి పిక్కల సంగతీ షోమాలీ ద్రాక్షకు అడ్డుపడ్డ సరిహద్దు గేటు లాంటిదే. ఎనభై కిలోల బస్తాకు పదహారు వేలు ఇవ్వమని ఉద్దానం రైతులు రోడ్డెక్కారు. ఆఫ్రికా నుంచి పిక్కలు దిగుమతి అయినంతకాలం వ్యాపారికి మన పిక్క మీద తొందర ఉండదు. ధర తేలనప్పుడు లక్ష అంట్లు పంచినా రైతు చేతిలో మిగిలేదేమిటి?

మహారాష్ట్ర ద్రాక్ష రైతులు 1991లో కొన్ని సహకార సంఘాలను కలిపి మహాగ్రేప్స్ పెట్టుకున్నారు. అమ్మకం తమ చేతిలోకి తెచ్చుకోవడమే వాళ్ల ఆలోచన. దేవేశ్ రాయ్, అమిత్ థోరట్ 2008లో అచ్చయిన పరిశోధనలో పోల్చి చూస్తే, అందులో ఉన్న రైతులకు బయట ఉన్నవాళ్లకంటే లాభం ఎక్కువ వచ్చిందని తేలింది. అయినా 2010లో ద్రాక్షలో మందుల అవశేషాలున్నాయని యూరప్ దేశాలు సరుకును తిప్పికొడితే నాసిక్ రైతులు దారుణంగా నష్టపోయారు. ఒక్క మంచి ఏడాది చూసి తీర్పు చెప్పకూడదనడానికి ఇదీ సాక్ష్యమే.

2025 జూలై 1 నుంచి యూఎస్ఎయిడ్ పనిచేయడం మానేసింది. అది చివరి ఏళ్లలో ఎక్కడెక్కడ తీగలు నాటించిందో, అవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తాయి. లెక్క చూసే మనిషి లేడు. అక్కడ మనం చేయగలిగింది లేదు. ఇక్కడ ఉంది.

విద్యార్థులారా, మీలో ఇద్దరిద్దరు ఒక్కో ఊరు తీసుకోండి. తిత్లీ తర్వాత మొక్కలు అందిన పది ఇళ్లు, అందని పది ఇళ్లు చూడండి. ఎన్ని చెట్లు బతికాయి, ఎన్ని బస్తాలు దిగాయి, ఏ ధరకు అమ్మారు, మందులకూ నీళ్లకూ కూలికీ ఎంత పోయింది, ఇంటి ఆడవాళ్లు ఎన్ని రోజులు పనిచేశారు, చివరికి ఎంత మిగిలింది. కౌలు రైతును వదిలేయకండి, సాయం చాలావరకు పట్టా ఉన్నవాడి పేరు మీదే వెళ్తుంది. సంతృప్తిగా ఉన్నారా అని మాత్రం అడగొద్దు. వచ్చిన లెక్కను తెలుగులో రాసి ఆ ఊరి సచివాలయం గోడకు అంటించండి, తప్పుంటే ఊరివాళ్లే దిద్దుతారు. జీడి కాపు మే నెలాఖరుకు అయిపోతుంది. జూన్‌లో ఇదే హాల్లో కూర్చుని ఊరూరి లెక్క చదువుదాం, సాయం ఇచ్చిన సంస్థలవాళ్లను కూడా పిలుద్దాం. ఫారాలు నేను తయారుచేసి తెచ్చాను, ఆ తలుపు పక్క బల్ల మీద ఉన్నాయి. వెళ్లేముందు మీ ఊరి పేరు, ఫోన్ నంబరు అక్కడ రాసి వెళ్లండి.