షెల్ఫు మీద కుప్ప, గ్యాలరీలో కుప్ప

అందరికీ నమస్కారం. మబ్బు పట్టిన సాయంత్రం, విజయనగరంలో ఇంతమంది బొమ్మల గురించి వినడానికి వచ్చారంటే నిజంగా సంతోషంగా ఉంది. పలాస వైపు నుంచి, పార్వతీపురం నుంచి కూడా కొంతమంది వచ్చారని చెప్పారు, వాళ్ళకి మళ్ళీ బస్సులు, ట్రైన్లు ఉంటాయి కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్ళిపోతాను.

ఒకే వస్తువుని వందసార్లు, వెయ్యిసార్లు, కోటిసార్లు పక్కపక్కన పెడితే మన కంటికి ఏమవుతుంది, మనసుకి ఏమవుతుంది, ఇవాళ మాట్లాడేది దాని గురించి. ఈ పని షాపులు చేస్తున్నాయి, ఆర్టిస్టులూ చేస్తున్నారు. పైకి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను, ఈ రకం ఆర్టుని అర్థం చేసుకోడానికి న్యూయార్కు వాళ్ళకన్నా, లండను వాళ్ళకన్నా మనకే దగ్గర దారి ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకంటే వాళ్ళు ఎక్కువగా కుప్పలోంచి తీసుకునే వైపు ఉన్నారు, మన జిల్లాల్లో చాలామంది కుప్ప పోసే వైపు ఉన్నారు.

ముందు అందరూ చెప్పుకునే పేరే చెప్తాను, అమెరికా ఆర్టిస్టు ఆండీ వార్హోల్. 1962 జులైలో లాస్ ఏంజెలెస్‌లో ఫెరస్ గ్యాలరీ అనేచోట క్యాంప్‌బెల్ కంపెనీ సూప్ డబ్బాల బొమ్మలు పెట్టాడు, మొత్తం 32. ఎందుకు 32 అంటే అప్పట్లో ఆ కంపెనీ అమ్మే సూపులు 32 రకాలు. అన్నీ ఒకే సైజు, ఒకే ఎరుపు, ఒకే తెలుపు, మారేది లేబుల్ మీద సూపు పేరొక్కటే. గ్యాలరీ ఆయన వాటిని మామూలుగా గోడకి వేలాడదియ్యకుండా గోడ పొడుగునా సన్నటి పలక కొట్టించి, దాని మీద కిరాణా కొట్లో డబ్బాలు సర్దినట్టు వరసగా నిలబెట్టాడు. ఊళ్ళో వాళ్ళకి కోపం వచ్చింది, కొంతమందికి నవ్వొచ్చింది. దగ్గర్లోనే ఇంకో గ్యాలరీ వాళ్ళయితే కిటికీలో నిజం సూపు డబ్బాలు పేర్చి, అసలు సరుకు మా దగ్గర చవగ్గా దొరుకుతుందని బోర్డు పెట్టారు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ 32 డబ్బాలూ మిషన్ మీద అచ్చేసినవి కావు, చేత్తో వేసినవి. స్టెన్సిల్ వాడాడు, కింద వరసలో చిన్న పువ్వు గుర్తుకి స్టాంపు వాడాడు, కానీ రంగు వేసింది బ్రష్షుతోనే, సిల్క్ స్క్రీన్ పద్ధతి, అంటే జాలీ గుడ్డలోంచి రంగు నొక్కి అచ్చేసేది, ఆయన పట్టుకున్నది ఆ తర్వాత. అందుకని దగ్గరికెళ్ళి చూస్తే ఒకదాని గీతకి ఇంకోదాని గీతకి తేడా కనపడుతుంది, ఒకచోట పువ్వు గుర్తు కాస్త పక్కకి జరిగుంటుంది, ఇంకోచోట రంగు పల్చబడుంటుంది. షాపులో నిజం డబ్బాల ముందు మనం అలగ నిలబడతామా? నిలబడం. షాపులో వరస పెట్టేదే మనం ఏ ఒక్కదాన్నీ చూడకుండా ఉండటానికి. ముందుది తీస్తే వెనకది ముందుకొస్తుంది, రాత్రి షాపు కట్టే టైముకి స్టాఫ్ వచ్చి ఖాళీలన్నీ నింపేస్తారు, పొద్దున్న మనం వెళ్తే నిన్న ఎవరూ ఏదీ కొననట్టే ఉంటుంది. ఎప్పటికీ తరగదు అనే భ్రమ కలిగించడమే ఆ సర్దుడు పని.

రెండేళ్ళ తర్వాత 1964లో న్యూయార్కులో బ్రిల్లో సబ్బుపీచు అట్టపెట్టెల్లాంటివే ప్లైవుడ్‌తో చేయించి గ్యాలరీ నిండా గోడౌన్‌లా పేర్చాడు. అది కళా అన్న దాని మీద పెద్ద పెద్ద తత్వవేత్తలు పుస్తకాలే రాశారు, ఆ చర్చలోకి వెళ్ళను. నన్ను పట్టి లాగేది వేరే మనిషి. అసలు ఆ బ్రిల్లో అట్టపెట్టె డిజైన్ చేసింది జేమ్స్ హార్వీ అనే ఆయన. ఆయన కూడా పెయింటరే, పొట్టకోసం ప్యాకింగ్ డిజైన్లు చేసేవాడు, రాత్రిళ్ళు సొంత బొమ్మలు వేసుకునేవాడు. ఆయన గీసిన పెట్టె లక్షల్లో తయారై దేశమంతా తిరిగింది, దాని మీద ఆయన పేరు లేదు. అదే పెట్టెని ఇంకొకాయన గ్యాలరీలో పెడితే ప్రపంచానికి తెలిసింది. హార్వీ ఆ మరుసటేడు 1965లోనే పోయాడు. వార్హోల్ మీద నాకు గౌరవముంది, అయినా ఈ సంగతి దగ్గరికొచ్చేసరికి నాకు బాధేస్తుంది, కుప్పలో మాయమైపోయేది వస్తువొక్కటే కాదు, దాన్ని చేసిన చెయ్యి కూడా అని.

ఇప్పుడు ఈ స్క్రీన్ మీద బూడిద రంగులో ఏదో పరిచినట్టు కనపడుతోంది కదా, అది 2010 అక్టోబరులో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో చైనా ఆర్టిస్టు ఐ వేవే పరిచిన పొద్దుతిరుగుడు గింజలు. సుమారు 10 కోట్ల గింజలు, బరువు 150 టన్నులు. ఒక్కటి కూడా నిజం గింజ కాదు, అన్నీ పింగాణీ. జింగ్‌డెజెన్ అని ఒకప్పుడు చక్రవర్తుల కోసం పింగాణీ చేసిన ఊరుంది, ఆ ఊళ్ళో 1,600 మంది దాకా రెండేళ్ళకి పైగా కూర్చుని ఒక్కో గింజ మీద బ్రష్షుతో నల్లగీతలు వేశారు. లెక్కేస్తే మనిషికి సగటున 62 వేల పైచిలుకు గింజలొస్తాయి. మావో కాలంలో మావో సూర్యుడైతే జనమంతా ఆయన వైపు తిరిగే పొద్దుతిరుగుడు పువ్వులని పోస్టర్ల మీద వేసేవారు, ఆ పోలికకి ఇది జవాబు. మేడిన్ చైనా అంటే మనందరి బుర్రలో ఉన్న చవక సరుకు బొమ్మ, దానికి కూడా ఇది జవాబే. మొదట్లో జనాన్ని ఆ గింజల మీద నడవనిచ్చారు, పిల్లలు పొర్లారు, కొన్నాళ్ళకే ఆ పింగాణీ ధూళి పీలిస్తే ఊపిరికి మంచిది కాదని ఆపేశారు. ఆ వార్త చదివినప్పుడు నాకొచ్చిన ప్రశ్న ఒక్కటే, నడిచినోళ్ళ సంగతి సరే, చేసినోళ్ళ మాటేటి?

ఆ ప్రశ్న మనకి అంత తొందరగా ఎందుకొస్తుందో పలాస వాళ్ళకి చెప్పక్కర్లేదు. పలాస-కాశీబుగ్గ అంటే జీడిపప్పు. ట్రైన్ ఆగితే ప్లాట్‌ఫాం మీద ప్యాకెట్లు పట్టుకొస్తారు, మనం కొనుక్కుంటాం, హాయిగా తింటాం. ఆ ప్యాకెట్ వెనక ఎంత పనుందంటే, పిక్కల్ని ఉడికించాలి లేదా కాల్చాలి, తర్వాత పైపెంకు కొట్టాలి, ఆ పెంకులో ఉండే జీడి రసం చర్మానికి తగిలితే కాలిపోతుంది, తర్వాత పప్పుని ఆరబెట్టాలి, పొట్టు తియ్యాలి, ఆ తర్వాత గ్రేడింగ్, అంటే సైజుల వారీగా వేరు చెయ్యడం. ఆ గ్రేడింగ్ దగ్గర కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళే. డబ్ల్యూ-180, డబ్ల్యూ-210, డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అని రకాలుంటాయి. ఆ నెంబరు ఏటంటే ఒక పౌనుకి, అంటే దగ్గర దగ్గర 454 గ్రాములకి, ఎన్ని గుళ్ళు తూగుతాయి అన్నది. 180 అంటే పెద్ద గుళ్ళు, 320 అంటే చిన్నవి. బద్దలు వేరు, ముక్కలు వేరు. ఎదురుగా పప్పు రాశి ఉంటే చేతిలోకి తీసుకునీ తీసుకోగానే ఇది 240లోకి, ఇది 320లోకి అని వేళ్ళు తేల్చేస్తుంటాయి, పక్కావిడతో కబుర్లు చెప్తూనే. అంటే మన కంటికి అంతా ఒకేలాగ కనపడే రాశిలో ఆవిడకి ఏ రెండూ ఒకటి కావు. ఐ వేవే లండన్ వాళ్ళని ఏ చూపు కోసం అంత దూరం నడిపించాడో ఆ చూపు పలాసలో రోజు కూలీకి పనిచేస్తోంది. నేను కుప్ప పోసే వైపు అన్నది ఇందుకే.

ఆర్ట్ క్రిటిక్స్ రాసిన వాటిలో రిపిటీషన్, అంటే ఒకే పని మళ్ళీ మళ్ళీ చెయ్యడం, అంటే విసుగు, యాంత్రికం, మనిషి మిషన్ అయిపోవడం అని ఎక్కువ చదువుతాం. కొంత నిజమే. కానీ మన చుట్టూ చూడండి. అనకాపల్లి దగ్గర శంకరంలో లింగాలమెట్ట కొండ చూసినవాళ్ళు చెయ్యెత్తండి... బాగుంది, చాలామందే ఉన్నారు. ఆ రాతిని తొలిచి చిన్నా పెద్దా స్తూపాలు వరసలు వరసలుగా చెక్కారు బౌద్ధులు. ఒకటి చాలదా అంటే వాళ్ళకి చాల్లేదు, మళ్ళీ మళ్ళీ చెక్కడమే వాళ్ళకి భక్తి. సవర గిరిజనుల గోడబొమ్మల్లో మనుషులు వరసగా ఉంటారు, ఒకేలాంటి ఒళ్ళు, ఒకేలాంటి చేతులు, నిదానంగా చూస్తే ఒకడు గొడుగు పట్టాడు, ఒకడు గుర్రమెక్కాడు. పొందూరులో సన్నఖాదీ కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, ఆ దువ్వే కదలిక ఒక్కటే, రోజంతా అదే, ఆ ఒకే కదలిక వల్లే అంత సన్నటి నూలు వస్తుంది. అంచేత మళ్ళీ మళ్ళీ చెయ్యడమే తప్పు అనే మాట నేనొప్పుకోను. చేస్తున్న మనిషికి ఆ పనిలో ఏం మిగులుతోంది, డబ్బుగా గానీ నేర్పుగా గానీ పేరుగా గానీ, అది అడగాలి.

ఇంక ఇంట్లోకి వద్దాం. బీహార్‌లో 1964లో పుట్టిన సుబోధ్ గుప్తా తెలుసు కదా, స్టీలు గిన్నెలు, బకెట్లు, టిఫిన్ క్యారేజీలతో పెద్ద పెద్ద శిల్పాలు చేస్తాడు. 2006లో స్టీలు సామాన్లన్నీ కలిపి ఒక బ్రహ్మాండమైన పుర్రె చేశాడు. తళతళా మెరుస్తుంది, దూరం నుంచి చూస్తే పండగ లాగుంటుంది, దగ్గరికెళ్తే ఖాళీ గిన్నెలు. తిండి లేని గిన్నెలు అన్ని ఒక్కచోట పోగైతే అవి పుర్రెలాగే ఉంటాయి మరి. ఆ పని నాకు చాలా ఇష్టం. మన జిల్లాల్లో ఆ స్టీలుకి ఇంకో కథ కూడా ఉంది. బుడితి కంచు, ఇత్తడి సామాన్లు ఒకప్పుడు పెళ్ళికి పెట్టేవారు, బరువుగా ఉండేవి, తరాలు నిలిచేవి. స్టీలు వచ్చింది, పాత చీరలకి గిన్నెలిచ్చేవాళ్ళు వీధుల్లోకొచ్చారు, మన అమ్మలు, అమ్మమ్మలు సంతోషంగా తీసుకున్నారు. వాళ్ళని నేను తప్పు పట్టను, చింతపండేసి తోమక్కర్లేని గిన్నె ఆడమనిషికి ఎంత ఊరటో తోమినవాళ్ళకే తెలుసు. కానీ కంచరి వాళ్ళ పని తగ్గిపోయింది, అదీ నిజమే.

అయితే ఆ స్టీలు గిన్నెని మనవాళ్ళు ఏం చేశారో చూడండి, నాకు అది ఏ మ్యూజియం పనికీ తీసిపోదు. దాని మీద పేరు కొట్టించారు. షాపాయన చిన్న మిషన్ పట్టుకుని జుయ్యిమంటూ చుక్కలు చుక్కలుగా పేరు, తారీఖు, ఫలానా వారి పెళ్ళికి ఫలానా అత్త ఇచ్చినది అని కొట్టేవాడు. ఫ్యాక్టరీ నుంచి వేలల్లో వచ్చిన గిన్నె ఆ నిమిషంలో ఒకే ఒక్క గిన్నె అయిపోతుంది. దేవుడి పటాలదీ ఇదే కథ. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి లక్ష్మి, సరస్వతి బొమ్మలు అచ్చేశాడు. జర్మనీ నుంచి వచ్చిన ఆలోచనాపరుడు వాల్టర్ బెంజమిన్ 1930ల్లో ఏం రాశాడంటే, అచ్చులో కాపీలు పెరిగేకొద్దీ అసలు బొమ్మ చుట్టూ ఉండే మహిమ తరిగిపోతుందని. పెద్దాయన మాట, కొట్టిపారెయ్యలేం. మన ఇళ్ళల్లో మాత్రం లక్షల కాపీల్లో ఒక కాపీకి కుంకుమ పెట్టి, దండ వేసి, పొగ చూరేదాకా దీపం పెడితే అది ఆ ఇంటి అమ్మవారైపోయింది. గుళ్ళోకి రానివ్వని మనుషుల ఇళ్ళకి కూడా ఆ కాగితం మీద దేవుడొచ్చాడు. అచ్చు వల్ల పోయినదాని గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని కూడా లెక్కలో వెయ్యాలి.

ఇచ్చే కుప్పలు కూడా ఉన్నాయి. ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ అని క్యూబాలో పుట్టి అమెరికాలో ఉన్న ఆర్టిస్టు, 1991లో రంగు కాగితాలు చుట్టిన మిఠాయిల్ని గది మూల పోశాడు, 175 పౌన్లు, అంటే దాదాపు 79 కిలోలు. ఆయన ప్రేమించిన మనిషి రాస్ ఎయిడ్స్‌తో అదే ఏడాది పోయాడు, ఆరోగ్యంగా ఉన్నప్పటి రాస్ బరువే ఆ 175 అని చెప్తారు. వచ్చినవాళ్ళు తలా ఒకటి తీసుకుని తినొచ్చు. కుప్ప తరుగుతుంది, మనిషి తరిగినట్టే, మ్యూజియం వాళ్ళు మళ్ళీ నింపొచ్చు. మన సారె గుర్తొస్తుంది నాకు. పెళ్ళయ్యాక అమ్మాయితో పంపే అరిసెలు, లడ్డూలు, చలిమిడి అవీ ఊళ్ళో గడప గడపకీ పంచితేనే దానికి అర్థం, మొత్తం ఇంట్లోనే దాచుకుంటే అది సారె కాదు. ఇప్పుడు సారెని వీడియో కోసం సర్దుతున్నారు, ట్రేలు, సెలోఫేన్, ఎన్ని రకాలని లెక్క, ఎదురింటివాళ్ళకన్నా రెండు రకాలు ఎక్కువ ఉండాలి. ఆడపిల్ల తండ్రి అప్పు చేస్తున్నాడు దీనికి. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. పంచే కుప్పని చూపించే కుప్ప చేసేశాం.

చివరిగా మన బొబ్బిలి వీణ. గొల్లపల్లిలో పనస మొద్దు ఒక్కటే తీసుకుని, అతుకు లేకుండా తొలిచి చేసేది. ఒక్కోదానికి రోజుల తరబడి పని. అదే చేతులు ఇప్పుడు చిన్న చిన్న బొమ్మ వీణలు ఎక్కువగా చేస్తున్నాయి, సన్మానాల్లో మెమెంటోలుగా ఇవ్వడానికి. మోగవు, అద్దాల బీరువాలో ఉంటాయి. కొంతమంది సంగీతం వాళ్ళు దీన్ని దిగజారుడు అంటారు, నేను అననండి. పెద్ద వీణ కొనేవాళ్ళు ఏడాదికి ఎంతమంది? ఆ చిన్న వీణల ఆర్డర్లే ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నాయి, చెక్కే చెయ్యి పని మర్చిపోకుండా కాపాడుతున్నాయి. నా గొడవల్లా దాని కింద పలక గురించి. ఆ పలక మీద సన్మానం పొందిన పెద్దమనిషి పేరుంటుంది, ఇచ్చిన సంస్థ పేరుంటుంది, తారీఖుంటుంది, చెక్కినాయన పేరు ఉండదు. ఒక్క లైను ఖర్చు. ఈ హాల్లో సభలు చేయించేవాళ్ళు, మెమెంటోలు ఆర్డరిచ్చేవాళ్ళు చాలామంది కూర్చున్నారు, ఈసారి ఆర్డరిచ్చేటప్పుడు ఆ లైను కూడా వేయించమని చెప్పండి, ఆయన పేరు అడిగి మరీ.

నాకు చెప్పాల్సింది ఇంతే. ఇప్పుడు మీరు మాట్లాడండి, ముందుగా పలాస నుంచి వచ్చినవాళ్ళు, గ్రేడింగ్ గురించి నేను చెప్పినదానికి మీరేమైనా కలపాలంటే మైకు అటు పంపిస్తారు.