నీళ్లలో ఆగిపోయిన ముఖం

శ్రోతలకు నమస్కారం.

వారపత్రికల్లో సీరియళ్లు చదివి పెరిగినవాళ్లకి 'సశేషం' అనే మాట ఎంత కసి రేపేదో చెప్పక్కర్లేదు. కథానాయిక బావి గట్టు మీద నిలబడి ఉంటుంది, కింద సశేషం అని ఉంటుంది. ఇక వారం ఆగాలి. అలాంటి ఒక సశేషం బ్రిటన్‌లో ఎంత రభస చేసిందో ఇవాళ చెబుతాను.

1976 నవంబర్ 13, శనివారం సాయంత్రం. బీబీసీలో 'డాక్టర్ హూ' వస్తోంది. 1963లో మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్ అది. నీలం రంగు పోలీసు పెట్టెలో, అంటే పోలీసులకి ఫోన్ చేయడానికి వీధుల్లో పెట్టే బూత్‌లాంటి దాంట్లో, కూర్చుని కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే ఒక దేశదిమ్మరి కథ. ప్రాణం మీదికి వస్తే ఈ డాక్టర్ ఒళ్లు మార్చుకుంటాడు, దాంతో నటుడూ మారిపోతాడు. అప్పటికి నాలుగో నటుడు టామ్ బేకర్ నడుస్తున్నాడు. గిరజాల జుట్టు, కాళ్ల దాకా వేలాడే మఫ్లరు. ఇంటిల్లిపాదీ చూసేవాళ్లు, పిల్లలైతే మరీను.

ఆ వారం కథ పేరు 'ద డెడ్లీ అసాసిన్'. నాలుగు భాగాలు, రాసింది రాబర్ట్ హోమ్స్. డాక్టర్ సొంత గ్రహానికి వెళ్తే అక్కడి అధ్యక్షుణ్ణి చంపాడని నింద పడుతుంది. అసలు హంతకుణ్ణి పట్టుకోవడానికి చనిపోయినవాళ్ల జ్ఞాపకాలన్నీ దాచిన ఒక యంత్రంలోకి మనసుతో దిగుతాడు. ఆ యంత్రం పేరు మ్యాట్రిక్స్. అవును, 1999లో వచ్చిన హాలీవుడ్ సినిమా పేరు కూడా అదే. అది రావడానికి ఇరవై మూడేళ్ల ముందే వీళ్లు ఈ పని చేశారు.

మూడో భాగమంతా దాదాపు ఆ యంత్రంలోనే. మాటలు బాగా తక్కువ. డాక్టర్ పరిగెడుతుంటాడు, వేటగాడు వెంటపడుతుంటాడు. రైలు పట్టాల్లో కాలు ఇరుక్కుంటుంది, అటునుంచి రైలు వస్తుంటుంది. నేల మీద మట్టి తుడిస్తే కింద పగలబడి నవ్వే జోకర్ ముఖం. పైన విమానం, అందులోంచి కాల్పులు. వేటగాడు మడుగులో విషం కలుపుతాడు. చివరికి ఇద్దరూ బురదనీళ్లలో కలబడతారు. వేటగాడు డాక్టర్ తల నీళ్లలోకి అదిమి పట్టుకుంటాడు. నీళ్ల కింద ముఖం, తెరుచుకున్న కళ్లు. బొమ్మ అక్కడ ఆగిపోతుంది. టైటిల్ సంగీతం మొదలవుతుంది. అంతే, సశేషం.

మేరీ వైట్‌హౌస్ అనే ఆవిడ దీని మీద విరుచుకుపడింది. ఒకప్పటి బడి పంతులమ్మ. టీవీలో బూతు, హింస మీద యుద్ధమే చేస్తూ ప్రేక్షకుల సంఘం నడిపేది. డాక్టర్ హూ మీద అంతకుముందూ కత్తి కట్టిందావిడ. ఈసారి ఆవిడ వాదన సూటిగా ఉంది. సీన్ అయిపోతే పిల్లవాడు మరిచిపోతాడు. కానీ ఆ ముఖాన్ని అక్కడే ఆపేశారు, వారం పాటు అదే పిల్లవాడి కళ్లలో ఉంటుంది, తన డాక్టర్ బతికాడో లేదో వాడికి తెలియదు.

బీబీసీ డైరెక్టర్ జనరల్ చార్లెస్ కరన్ క్షమాపణ చెబుతూ ఉత్తరం రాశాడు. తర్వాత మళ్లీ వేసేటప్పటికి ఆ చివరి సెకన్లు టేపులోంచే కోసేశారు. నిర్మాత ఫిలిప్ హించ్‌క్లిఫ్‌ని ఆ సీజన్ అవగానే మార్చేసి, కొత్తగా వచ్చిన ఆయనకి హింస తగ్గించమని చెప్పారు. హించ్‌క్లిఫ్‌ని ఎక్కడికి పంపారో తెలుసా? ఒక పోలీసు సీరియల్‌కి. హింస ఎక్కువైందని అదీ తిట్లు తింది!

మరి అభిమానులేమన్నారు? నాకు సరదా అనిపించేది ఇక్కడే. ఆ సీరియల్‌కి అప్పుడే ఒక అభిమాన సంఘం పుట్టింది. దాని అధ్యక్షుడు ఈ కథని ఉతికి ఆరేశాడు. కానీ ఆయన మండిపాటు నీళ్లలో ముంచినందుకు కాదు, డాక్టర్ జాతివాళ్ల పరువు తీసినందుకు! 1969లో వాళ్లని మొదటిసారి చూపించినప్పుడు దేవుళ్లలా ఉన్నారు, గంభీరంగా నిలబడి తీర్పు చెప్పారు. ఇప్పుడేమో వణికే ముసలాళ్లు, పదవుల కోసం కుట్రలు. డాక్టర్ హూలోని ఆ మాయ ఏమైపోయిందని ఆయన బాధ. విచిత్రమేమిటంటే ఆ 1969 కథకీ దీనికీ దర్శకుడు ఒకడే, డేవిడ్ మలోనీ. అప్పుడు తీర్పు చెప్పిన దేవుళ్లలో ఒకడిగా వేసిన బెర్నార్డ్ హార్స్‌ఫాలే ఇప్పుడు డాక్టర్ తల నీళ్లలో ముంచిన వేటగాడు.

మన దగ్గర పురాణం సినిమా తీసినప్పుడు కత్తియుద్ధాల గురించి ఎవరూ అడగరు, ఫలానా పాత్రని అలా చూపిస్తారా అని గొడవ పడతారు. అభిమానం ఎక్కడైనా ఇంతే కాబోలు.

కాలం గడిచాక ఆ కోపాలు చల్లారాయి. ఇదే కథలో, డాక్టర్ జాతివాళ్లు పన్నెండుసార్లే ఒళ్లు మార్చుకోగలరని రచయిత ఒక మాట అనిపించాడు. అభిమానులు దాన్ని శాసనంలా పట్టుకుని కూర్చున్నారు. ఎంతగా అంటే, 2013లో ఆ లెక్క అయిపోవచ్చినప్పుడు డాక్టర్‌ని దాటించడానికి ప్రత్యేకంగా ఒక కథ రాయాల్సి వచ్చింది. ఒకప్పుడు మాయ పోయిందని తిట్టించుకున్న కథని ఇప్పుడు సీరియల్‌లోని మంచి కథల్లో లెక్కేస్తున్నారు. ఆ వేట మరీ సాగిందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే ఆ సాగడమే బాగుంది. అలసట మనకీ తెలుస్తుంది.

వైట్‌హౌస్ గారితో చాలా విషయాల్లో నాకు పడదు. కానీ 'సశేషం' బలం ఎంతో ఆవిడకి తెలిసినంతగా ఆ అభిమానులకి తెలియలేదని మాత్రం ఒప్పుకోవాలి. రక్తం కంటే ఆ ఆగిపోవడమే భయపెడుతుంది.

కోసేసిన ఆ సెకన్లు వేరే కాపీల్లో దొరికితే తర్వాత మళ్లీ అతికించారు. నేను చూసింది డీవీడీలో, ఒక రాత్రి భోజనాలయ్యాక. నీళ్ల కింద ఆ ముఖం ఆగింది, సంగీతం వచ్చింది. చేతిలో రిమోట్ ఉంది. నొక్కాను. అర నిమిషంలో నాలుగో భాగం మొదలైంది.